పుండుమీది మందు – దాని పరీక్షల చరిత్రము

మన గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున సంచికకొక వ్యాసము వ్రాసి యిమ్మని కార్యదర్శిగారు నన్ను కోరిరి. భారతమునో భాగవతమునో పట్టుకొని నాలుగు పుటలు నింపుదునని వారు తలంచియుందురు. నేను గ్రామపు లెక్కలు వ్రాసి బ్రతుకువాడనే గాని పెద్ద చదువులు చదివినవాడను గాను. సంస్కృతాంధ్రములలో నాకు పట్టుబడిన ఆ నాలుగు ముక్కలును ఈ గ్రంథాలయపు బల్లయొద్ద సాయంకాలములు కూర్చుండి కూడబలుకుకొన్నవే. ఆ ఋణము కావ్యచర్చతోనే తీర్చుకొనవలసినది. అయినను ఈసారి పుండ్లను గూర్చియు, వానిపై వేయు మందులను గూర్చియు వ్రాయ సాహసించుచున్నాను. ఉత్సవవేళ చీము నెత్తుటి ప్రసంగమేమని ముఖము చిట్లించు పాఠకమహాశయులు రెండు పుటలవరకు ఓపిక పట్టుదురు గాక.

కారణము మా యింటిదే. పండ్రెండేండ్ల క్రిందట వరికోతల దినములలో మా అన్నగారి అరికాలిలో తుప్పుపట్టిన మేకు దిగినది. ఆయనకు మధుమేహము కలదు. పాదములు తిమ్మిరిగా నుండుటచే నొప్పి అంతగా తెలియలేదు. పట్టణములోని మందుల దుకాణమునుండి పుండ్లపై చల్లు యాంటీబయాటిక్ పొడి తెచ్చి, ఇరువది దినములు ఉదయసాయంకాలములు ఆ గాయముపై చల్లినవాడను నేనే. పైన పొర కట్టి ఎండినట్లే కనబడినది. “తగ్గుచున్నదిరా తమ్ముడూ” అని ఆయనయు, “తగ్గుచున్నదన్నయ్యా” అని నేనును ఒకరికొకరము ధైర్యము చెప్పుకొంటిమి. ఇరువదియొకటవ నాడు చలిజ్వరము వచ్చినది, పాదము నలుపెక్కినది. ఆసుపత్రిలో శస్త్రవైద్యుడు పై పొరను తొలగించి చూడగా చీము లోలోపల ఎముకదాక పాకియున్నది. మోకాలి క్రింద కాలు తీసివేయవలసి వచ్చినది.

ఆ మందు నకిలీది కాదు, గడువు తీరినదియు కాదు. క్రిములను చంపునను మాటయు అబద్ధము కాదు. మరి ఎక్కడ తప్పినది? జమయు ఖర్చును సరిపోయి, నిలువ మాత్రము పెట్టెలో లేనప్పుడు లెక్కలవానికి నిదుర పట్టునా? కొన్ని నెలల పిమ్మట ఈ గ్రంథాలయమున అలెగ్జాండర్ ఫ్లెమింగు జీవితమును చదువుచుండగా అందొక గాజుగొట్టము కథ దొరికినది. అది చదివిన రాత్రి నేను చల్లిన పొడి ఎక్కడ ఆగిపోయెనో నాకు తెలిసినది. అటుపిమ్మట దానికి వెనుకటి చరిత్రమును, తరువాతి చరిత్రమును చేతనైనంత చదివితిని. ఆ చదువునే ఇక్కడ అప్పగించుచున్నాను.

వ్రణచికిత్స మనకు క్రొత్త కాదు. సుశ్రుతసంహిత చికిత్సాస్థానపు మొదటి అధ్యాయమందే వ్రణమునకు చేయవలసిన ఉపక్రమములు అరువది చెప్పబడినవి. కోయుట, కడుగుట, చీము తీయుట, పొగవేయుట, తేనెయు నేతియు పూతలు, కట్టు కట్టుట – ఆ వరుస చూచినచో ఆ మహానుభావుడు ఎన్ని పుండ్లను చేతితో ముట్టి చూచెనో తెలియును. కాని లెక్కలవానిగా నాకొక కొరత కనబడినది. ఈ పూత వేసినవారిలో ఎందరికి మానినది, వేయనివారిలో ఎందరికి మానినది అను పట్టిక నేను చదివినంతలో అందు లేదు. ఇది సుశ్రుతునిపై నింద కాదు. ఆ కాలపు గ్రీసు, అరబ్బు దేశముల గ్రంథములందును అట్టి పట్టిక నాకు కనబడలేదు. వైద్యునకు అనుభవమే సాక్షి; సాక్షిని ప్రశ్నించువాడు లేడు.

పుండ్లమీది మందునకు అంకెలతో సాక్ష్యము చెప్పించిన తొలివారిలో ముఖ్యుడు జోసెఫ్ లిస్టరు. ఆయన స్కాట్లండులోని గ్లాస్గో నగరపు రాయల్ ఇన్‌ఫర్మరీ అను ఆసుపత్రిలో శస్త్రవైద్యుడు. ఆ దినములలో ఎముక విరిగి చర్మము చీల్చుకొని బయటకు వచ్చెనా, కాలో ప్రాణమో పోవుట వాడుక. 1865వ సంవత్సరము ఆగస్టు 12వ తేదీన జేమ్స్ గ్రీన్లీస్ అను పదునొకండేండ్ల బాలుని కాలిమీదుగా బండిచక్రము పోయి ఎముక విరిగి గాయమైనది. ఫ్రాన్సు దేశపు పాశ్చరు పండితుడు కుళ్ళుటకు సూక్ష్మజీవులే కారణమని చెప్పియుండెను. అది చదివిన లిస్టరు, మురుగు దుర్గంధము పోగొట్టుటకు వాడు కార్బాలిక్ ఆమ్లములో గుడ్డ తడిపి ఆ గాయముపై కట్టెను. ఆరు వారములలో బాలుడు తన కాళ్ళమీద నడిచి యింటికి పోయెను. 1867లో లిస్టరు తన అనుభవములను లాన్సెట్ అను వైద్యపత్రికలో ప్రకటించెను.

ఒక్క బాలుడు బ్రతికిన మాత్రమున మందు గెలిచినట్లా? లిస్టరునకే ఆ సందేహము కలిగియుండును. 1870లో ఆయన మరియొక లెక్క బయటపెట్టెను. ఈ పద్ధతికి ముందు, 1864, 1866 సంవత్సరములలో, తన వార్డులలో కాలుసేతులు తీసివేయబడినవారు 35 మంది. అందు మరణించినవారు 16. పద్ధతి వచ్చిన తరువాత 40 మంది, మరణించినవారు 6. నూటికి నలుబదియైదున్నర పైచిలుకు పదునైదునకు దిగినది. ఈ అంకెలు చూచి నేను సంతోషించితిని. వెంటనే లెక్కలవాని పురుగు తొలిచినది. నిరుటి పంటను ఈయేటి పంటతో పోల్చి ఎరువు గొప్పదనము చెప్పినచో, మధ్య కురిసిన వానమాట ఏమి? ఆ రెండు కాలముల నడుమ వార్డుల శుభ్రత మారియుండవచ్చును, రోగుల తీరు మారియుండవచ్చును. మందు వేసినవానిని, వేయనివానిని ఒకే ఋతువున, ఒకే పొలమున ప్రక్కప్రక్కన నాటి చూడవలదా? ఈ ప్రశ్నకు లోకము సరియైన జవాబు చెప్పుటకు మరి యెనుబదియేండ్లు పట్టినది.

ఆ నడుమనే మొదటి ప్రపంచ యుద్ధము వచ్చినది. 1914లో లండను సెయింట్ మేరీస్ ఆసుపత్రికి చెందిన ఆల్మ్రోత్ రైట్ అను ఆచార్యుడు తన శిష్యులతో ఫ్రాన్సు తీరమునగల బొలోను నగరమునకు పోయెను. జూదమాడు ధనికులకై కట్టిన క్యాసినో భవనమును సైన్యము ఆసుపత్రిగా మార్చినది. దాని పైయంతస్తున ప్రయోగశాల పెట్టిరి. శిష్యులలో ఒకడు ముప్పదిమూడేండ్ల అలెగ్జాండర్ ఫ్లెమింగు. స్కాట్లండు రైతుబిడ్డ, మాట తక్కువ, చేతిపని ఎక్కువ. క్రింది వార్డులలో గాయపడిన సైనికులు వందలు. గాయములన్నిటిని కార్బాలిక్ మొదలగు ఘాటుమందులతో నింపుచున్నారు. అయినను చీము ఆగదు, కుళ్ళు ఆగదు, మరణములు ఆగవు. లిస్టరు మందు గ్లాస్గోలో గెలిచి ఫ్రాన్సులో ఓడిపోవుట ఏల?

ఫ్లెమింగు మొదట గాయములలో దూరిన గుడ్డపీలికలను పరీక్షించెను. తూటాయో, గుండు పెంకో శరీరమున దూరునప్పుడు బురదతో నిండిన దుస్తుల ముక్కను కూడ లోపలికి ఈడ్చుకొని పోవును. యుద్ధము జరుగుచున్నది తరతరములుగా పశువుల పెంట వేసి దున్నిన పొలములలో. పెంటలో ధనుర్వాతపు క్రిమియు, మాంసమును వాయువుతో ఉబ్బించి కుళ్ళబెట్టు క్రిమియు ఉండును. మన రైతు సోదరులకు ఇది వేరుగ చెప్పనక్కరలేదు. గాలి సోకని లోతులలోనే ఆ క్రిములు వృద్ధి పొందును. మందేమో పైన పోయబడుచున్నది.

అప్పుడు ఆయన చేసినదే ఆ గాజుగొట్టము. పరీక్షనాళికను నిప్పుపై కాచి మెత్తపరచి, దాని ప్రక్కలను ముళ్ళవలె బయటకు లాగెను. ఆ ముళ్ళు లోపల బోలుగా నుండును. గుండు పెంకు చీల్చిన గాయమందలి సందుగొందులకు అది నమూనా. దానిని క్రిములు కలిపిన రక్తరసముతో నింపి, అవి పెరిగిన పిమ్మట రసము వంపివేసి, ఘాటైన క్రిమినాశకముతో నింపి కొంతకాలము ఉంచెను. తరువాత ఆ మందును తీసివేసి శుద్ధమైన రసము పోసెను. మరుసటి దినమునకు గొట్టమంతయు మరల క్రిములమయమైనది. నడుమనున్న క్రిములు చచ్చిన మాట నిజమే. ముళ్ళ కొనలలో దాగినవానికి మందు అందనేలేదు. పగవాడు పోయిన పిమ్మట అవి తిరిగి బయలుదేరినవి.

పాఠకులారా, మా అన్నగారి అరికాలిలో మేకు చేసిన రంధ్రము అట్టి ముల్లే. నేను చల్లిన పొడి గొట్టము నడుమనే మిగిలిపోయినది.

దీనితో ఆగినచో కథ సగమే. ఫ్లెమింగు రెండవ సంగతియు కనిపెట్టెను. చీమును మనము అసహ్యించుకొందుము గాని, అందులోని తెల్ల రక్తకణములు శరీరము పంపిన కావలివాండ్రు. క్రిములను మ్రింగి చంపునవి అవియే. పోసిన మందు క్రిముల కంటె ముందు ఈ కావలివాండ్రనే చంపుచున్నదని ఆయన చూపెను. 1924లో మరింత నేర్పుతో, గాజుపలకల నడుమ మనుష్యుని రక్తములో క్రిములను కలిపి పరీక్షించెను. రక్తమొక్కటే ఉన్నప్పుడు చాలవరకు క్రిములు చచ్చినవి. దానికి కార్బాలిక్ కలుపగా రక్తకణములు చచ్చినవి, క్రిములు పెరిగినవి. గింజలు తినుచున్నదని పందికొక్కునకు పెట్టిన విషము ఇంటి పిల్లిని చంపినట్లైనది.

రైటును ఫ్లెమింగును చెప్పిన సలహా సామాన్యమైనది: చచ్చిన మాంసమును కోసి తీసివేయుడు, ఉప్పునీటితో కడుగుడు, శరీరమును దాని పని చేసికొననిండు. పెద్దపెద్ద శస్త్రవైద్యులు మండిపడిరి. లిస్టరు శిష్యుడైన సర్ విలియం వాట్సన్ చేనీకిని రైటునకును పత్రికలలో ఘోరమైన వాదము నడచినది. గురువుగారి మందును కాదన్నవానిని శిష్యులు సహింతురా? అదే కాలమున కారెలు, డాకిన్ అను నిరువురు ఫ్రాన్సులోనే మరియొక మార్గము పట్టిరి. గాయపు లోతులకు రబ్బరు గొట్టములు దూర్చి, క్లోరిను ద్రావణమును గంటలకొలది మారుమారు పంపిరి. లోతునకు మందు చేరవలెనను సంగతి వారికిని తెలిసినదన్నమాట. యుద్ధము ముగియునాటికి ముందు కోసి శుభ్రపరచుటయే ముఖ్యమని చాలమంది అంగీకరించిరి.

ఫ్లెమింగు 1928 సెప్టెంబరులో పెన్సిలిన్ బూజును చూచిన కథ పాఠ్యపుస్తకములలో ఉన్నదే, దానిని విస్తరింపను. కాని పిల్లల పుస్తకములు చెప్పని ముక్క యొకటి కలదు. 1929లో ప్రకటించిన వ్యాసమున, ఈ బూజురసము తెల్ల రక్తకణముల పనికి మామూలు పులుసుకంటె ఎక్కువ హాని చేయదని ఆయన వ్రాసెను. బొలోనులో నేర్చిన పరీక్ష అది. క్రిమిని చంపునదియు కావలివానిని విడుచునదియు అగు మందు మొదటిసారి దొరికినది! ఆ సంవత్సరము జనవరి 9వ తేదీన తన సహాయకుడు స్టూవర్టు క్రాడక్‌కు ముక్కుప్రక్క ఎముకలలో చీముపట్టగా, ఆ రసముతో కడిగి చూచెను. కొన్ని పుండ్లపైనను వేసి చూచెను. ఫలితము గొప్పగా లేదు. రసము నిలువయుండదు, బలము చాలదు, శుద్ధిచేయుట తెలియదు. ఆయన విడిచిపెట్టెను.

షెఫీల్డు నగరమున సెసిల్ పెయిన్ అను వైద్యుడు 1930లో ఆ బూజు తెప్పించుకొని పెంచెను. చర్మవ్యాధులపై వేయగా పనిచేయలేదు. తల్లినుండి సోకిన క్రిమివలన కన్నులు చీముపట్టిన పసిబిడ్డలకు చుక్కలుగా వేయగా కన్నులు బాగుపడినవి. రాతిముక్క తగిలి కన్ను చెడిన గనిపనివానికిని మేలు కలిగినది. ఇంత చేసి ఆయన ఒక్క వ్యాసమైనను ప్రకటింపలేదు! చిట్టాలో ఎక్కని జమ జమయే కాదు. ఆ రోగుల కాగితములు యాబదియేండ్లు దాటిన తరువాత, 1980ల దశకమున, వెదకి తీయబడినవి. లోకము పదియేండ్లు ముందుగా మేల్కొనియుండునా అని తలంచినప్పుడెల్ల నాకు కడుపు తరుగుకొనిపోవును.

ఈలోపల సల్ఫా మందులు వచ్చినవి. జర్మనీ దేశపు డోమాక్ 1935లో ప్రకటించిన ప్రాంటోసిల్ వానికి మొదటిది. లోపలికి పుచ్చుకొన్నప్పుడు ఆ మందులు ప్రాణములు నిలిపిన మాట నిస్సందేహము. లోపల పనిచేయు మందు పుండుపై ఇంకను బాగుగ పనిచేయదా యని అందరును తలంచిరి. రెండవ ప్రపంచ యుద్ధమున అమెరికా సైనికుడు ప్రతివాడును సల్ఫా పొడి పొట్లము నడుమునకు కట్టుకొని పోయెను; గాయపడగానే చింపి చల్లుకొనుట నేర్పిరి. 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బరుపై జపాను దాడి జరిగినప్పుడు గాయపడినవారి పుండ్లు బాగుగ మానినవనియు, అది సల్ఫా పొడి మహిమయనియు వార్తలు వ్యాపించినవి.

న్యూయార్కునందలి ఫ్రాంక్ మెలెనీ అను శస్త్రవైద్యుడు మాత్రము పొడిని నమ్మక ముందు లెక్క అడిగెను. అనేక ఆసుపత్రులను కూడగట్టి, ప్రమాదములలో గాయపడిన పౌరులను కొందరిని పొడితోను, కొందరిని పొడి లేకయు చికిత్స చేయించి పట్టికలు వేయించెను. 1943లో ఫలితము వెలువడినది. పుండుపై చల్లిన సల్ఫా పుండులోని చీమును తగ్గింపలేదు. పెర్ల్ హార్బరున మేలు చేసినది చచ్చిన మాంసమును చక్కగా కోసి తీయుటయు, గాయమును వెంటనే కుట్టక తెరచి ఉంచుటయు. చీములోను, చచ్చిన మాంసములోను ఉండు కొన్ని పదార్థములు సల్ఫా మందును నిర్వీర్యము చేయునని కూడ తేలినది. లక్షలకొలది పొట్లములు పంచిన తరువాత ఇట్టి మాట చెప్పుట సులభము కాదు. అమెరికా సైన్యము క్రమముగా ఆ ఆచారమును విడిచినది.

ఆ మెలెనీ ప్రయోగశాలలోనే 1943లో మరియొక చిత్రము జరిగినది. మార్గరెట్ ట్రేసీ అను ఏడేండ్ల బాలిక కాలియెముక విరిగి గాయమై ఆసుపత్రికి వచ్చినది. ఆ గాయపు రసమును పరీక్షించుచున్న బల్బీనా జాన్సన్ అను ఆమెకు ఒక వింత కనబడినది. రసమునందు మొదట చీము పుట్టించు క్రిములు ఉన్నవి. దానిని పులుసులో పెంచి తెల్లవారి చూడగా అవి మాయమై, వేరొక కడ్డీవంటి సూక్ష్మజీవి మాత్రమే మిగిలినది. అదియే మిగిలినవానిని చంపినది. దానినుండి తీసిన మందునకు, ఆ సూక్ష్మజీవి జాతిపేరును బాలిక యింటిపేరును కలిపి బాసిట్రాసిన్ అని పేరు పెట్టిరి. పుండ్లపై మనము చల్లు అనేకములైన పొడులలోను, పూతలలోను ఈ మందు కలదు. నేను చల్లిన డబ్బామీదను ఆ పేరున్నది. ఒక చిన్నపిల్ల గాయము పేరై సముద్రములు దాటి మన యింటి అలమారలోనికి వచ్చుట తలంచుకొన్నచో వింతగా లేదా! సూదిద్వారా ఎక్కించినచో మూత్రపిండములకు హాని చేయుటచే దీనిని ముఖ్యముగ పైమందుగనే నిలిపిరి. మెలెనీయు జాన్సనును 1947లో దీనితో చికిత్స పొందిన మొదటి నూరుగురి వృత్తాంతము ప్రకటించిరి. ఫలితములు బాగున్నవనిరి. ఇతరుల పొడికి ప్రక్కగుంపును అడిగినవాడు తన మందునకు నూరుగురి వరుసతో తృప్తిపడెనే యని నాకు తోచినది. తన బిడ్డ లెక్క తాను సరిచూచుకొనుట ఎవరికైనను కష్టమే.

మట్టిలోని జీవులనుండి మందులు తీయు ఈ యుగమున మన తెలుగువాని పాలును కలదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు అధిపతిగ నుండగా, బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ శాస్త్రజ్ఞుడు అక్కడనే ఆరియోమైసిన్ కనుగొనెను. అది 1948లో వెల్లడియైనది. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్ను మూసిరి. టెట్రాసైక్లిన్ జాతికి అది మొదటిది. మాత్రలుగను, కంటికిని చర్మమునకును పూతలుగను వాడబడినది.

పెన్సిలిన్ మాటకు మరల వత్తము. ఆక్స్‌ఫర్డు పండితులు దానిని శుద్ధిచేసిరి గాని యుద్ధకాలమున అది బంగారముకంటె అరుదు. సూదిమందుగ ఇచ్చుటకు చాలదు గనుక పుండ్లపైననే వేసి చూడవలసి వచ్చెను. 1942లో కైరోలో పుల్వర్‌టాఫ్ట్ అను సైనికవైద్యుడు చీముపట్టిన గాయములకు వాడి చూచెను. 1943 వేసవిలో ఫ్లోరీ, కెయిర్న్స్ అను నిరువురు ఉత్తర ఆఫ్రికాకు స్వయముగా పోయి యుద్ధగాయములపై పరీక్షలు జరిపిరి. చచ్చిన మాంసమును కోసి తీసి, గాయమును కుట్టి, సన్నని రబ్బరు గొట్టముల ద్వారా లోతునకు మందు పంపిరి. యుద్ధగాయమును అప్పుడే కుట్టుట ప్రాణాపాయమని పాత వైద్యులు భయపడిరి, చాలవరకు మానినవి. క్రొత్త గాయములందు కలిగినంత మేలు, ఎముక చచ్చి చీముపట్టిన పాత గాయములందు కలుగలేదు. మందు సమృద్ధియైన పిమ్మట సూదిమందే ముఖ్యమైనది. రక్తము వెళ్ళగల సందులకెల్ల సూదిమందు వెళ్ళును. పైన చల్లినది వెళ్ళదు.

లిస్టరు లెక్కను చూచి నేనడిగిన ప్రక్కప్రక్క నాట్లు ఎప్పుడు వచ్చినవి? బొలోనులో ఫ్లెమింగుతోపాటు రైటుకడ పనిచేసిన లెనార్డ్ కోల్‌బ్రూక్ అను ఆయన, 1942లో గ్లాస్గోలో, లిస్టరు పనిచేసిన ఆ ఆసుపత్రిలోనే, కాలిన గాయములవారికై యొక ప్రత్యేకశాఖ నడపెను. అక్కడ పెన్సిలిన్ కలిపిన క్రీమును పరీక్షించిరి. చర్మపు అతుకులను చెరచు స్ట్రెప్టోకాకస్ అను క్రిమి దానికి లొంగినది. పిమ్మట ఆయన బర్మింగ్‌హాము ప్రమాదచికిత్సాలయమునకు పోయెను. అక్కడ లౌబరీ, జాక్సన్, టాప్లీ మొదలగువారు ఆ పనిని సాగించిరి. 1948లో బ్రిటనులో క్షయరోగపు స్ట్రెప్టోమైసిన్ పరీక్ష జరిగిన తీరు వైద్యలోకమునకు తెలిసియున్నది: ఎవరికి మందు, ఎవరికి లేదు అనునది వైద్యుని ఇష్టము మీద విడువక, చీటీలు తీసినట్లు నిర్ణయించుట. రోగి ముఖము చూచి పంచినచో కోలుకొనువానికే మందు పోవును. అప్పుడు మందు ప్రతాపమేదో వాని ఆయుర్దాయమేదో తెలియదు. 1951లో బర్మింగ్‌హామువారు పాలిమిక్సిన్ కలిసిన క్రీమును కొందరికి, అది లేని క్రీమును కొందరికి వాడి, పచ్చని చీము పుట్టించు సూడోమోనస్ క్రిమి మొదటివారికి తక్కువగ సోకినదని చూపిరి. పూతమందు కొన్ని చోట్ల నిజముగా పనిచేయునని తేల్చినదియు ఆ లెక్కయే. కాలిన గాయము వెడల్పే గాని మేకుగాయమువలె ఇరుకు కాదు. మందు దానిని అంటగలదు.

కాని క్రిములును చదువుకొనునట్లున్నవి. పైమందును విరివిగా పూసినచోట దానికి లొంగని క్రిములు తలయెత్తుచుండును. 1985లో బ్రిటనులో చర్మముపై పూయుటకు మ్యుపిరోసిన్ అను క్రొత్తమందు వచ్చెను. దానికి లొంగని క్రిములు కనబడినవని 1987లోనే వార్త వెలువడినది. నియోమైసిన్, బాసిట్రాసిన్ మందులు కొందరి చర్మమునకు పడక దురదయు పొక్కులును పుట్టించుననియు వైద్యులు గుర్తించిరి; పుండు ముదిరినదనుకొని మరింత పూయువారును కలరు. 1996లో అమెరికాలో ఒక పరీక్ష ఫలితము వచ్చినది. చిన్నచిన్న శస్త్రచికిత్సలు జరిగిన 922 మందికి కొందరికి బాసిట్రాసిన్ లేపనము, కొందరికి మందేమియు లేని తెల్ల వాసెలిన్ ఇచ్చిరి. చీముపట్టినవారు మందు గుంపులో నూటికి ఒక్కరికి తక్కువ, వాసెలిన్ గుంపులో ఇద్దరు. ఆ తేడా యాదృచ్ఛికము కావచ్చునని గణితశాస్త్రము చెప్పినది. మందు పడక చర్మము చెడినవారు నలుగురు. వారందరును మందు గుంపువారే. శుభ్రమైన కోతలకు వాసెలిన్ చాలునని దాని అర్థము.

మా అన్నగారి వంటివారి సంగతి? మధుమేహపు పాదపుండ్లకై ఒక మందును చాలకాలము పరీక్షించిరి. ఆఫ్రికా కప్ప చర్మమున క్రిములను చంపు పదార్థమున్నదని 1987లో మైకేల్ జాస్లాఫ్ ప్రకటించెను. దానిని పోలి పెక్సిగనాన్ అను పూతమందు తయారైనది. ఎనిమిదివందల పైచిలుకు రోగులపై దానిని నోటిమాత్రతో పోల్చి చూడగా ఇంచుమించు రెండును సమానముగ తోచినవి. అయినను 1999లో అమెరికా ప్రభుత్వపు ఔషధశాఖ అనుమతి ఇయ్యలేదు. సమానమన్నచో రెండును పనిచేసినవనియా, రెండును పనిచేయలేదనియా? పుండును శుభ్రముగ కోసి, కడిగి, పాదముపై బరువు పడకుండ చూచినచో పెక్కు పుండ్లు వానియంతట అవియే మానును గదా. 2016లో తేలిన మరి రెండు పరీక్షలలో ఆ పూతను ఒట్టి పూతతో పోల్చిరి. ఒట్టి పూతకంటె అది మేలు కాలేదు. ఇరువది సంవత్సరముల శ్రమ, కోట్ల ధనము వ్యయమైన పిమ్మట నిలువ సున్న. చీముపట్టిన మధుమేహపు పాదమునకు పైపూత యాంటీబయాటిక్ వాడవలదనియే ఇప్పటి అంతర్జాతీయ వైద్యబృందముల సలహా. పుండు కోసి శుభ్రపరచుట, రక్తప్రసారము చూచుట, అవసరమైనచో మాత్రయో సూదియో – ఇది వారు చెప్పు క్రమము.

ఈ సంగతులన్నియు ఆనాడు నాకు తెలిసియున్నచో కాలు దక్కెడిదో లేదో వైద్యులే చెప్పలేరు. అన్నగారు ఈ వ్యాసపు చిత్తుప్రతి చదివి, తమ కాలి సంగతి తీసివేయనక్కరలేదనిరి. ఆయన ఇప్పుడు జైపూరు కాలు తొడిగికొని ప్రతి సాయంకాలము గ్రంథాలయమునకు నడిచి వచ్చి, వార్తాపత్రికల బల్లయొద్ద కూర్చుండుట మీరెరిగినదే. మొన్న సంక్రాంతికి వారి మనుమడు గాలిపటమువెంట పరుగెత్తి ముళ్ళకంపపై పడి మోకాలు చీల్చుకొని యింటికి వచ్చెను. నేను అలవాటు చొప్పున పొడి డబ్బాకై అలమారవైపు నడిచితిని. ఆయన కుర్చీలోనుండియే, “అది తరువాత. ముందు బిందెడు మంచినీళ్ళు తెమ్ము, లోపల ముల్లేమైన మిగిలినదేమో చూడనిమ్ము” అనిరి.